రేటు ఒకటి, చేతికొచ్చేది ఒకటి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాంట్రాక్టు ఉద్యోగాల లెక్కలు అడిగినవే ఎక్కువ. భారతదేశపు లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానంలో వేసినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కింద సెక్షన్ల నంబర్లు వేరు కాబట్టి, ఇక్కడి నంబర్లు పాత చట్టానివని గుర్తుంచుకోండి.

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్ళ అనుభవం. ఒక వెండర్ (కంపెనీలకు మనుషుల్ని సమకూర్చే సంస్థ) ద్వారా కాంట్రాక్టు వచ్చింది. వాళ్ళ పేరోల్‌లో చేరితే 24 లక్షల సీటీసీ. కన్సల్టెంట్‌గా వస్తే నెలకు 2 లక్షలు, జీఎస్టీ అదనం. సొంత కంపెనీ ఉంటే దాని పేరున అంతే బిల్లు వేసుకోమంటున్నారు. లండన్‌లో ఉన్న మా బావ మాత్రం "లిమిటెడ్ పెట్టెయ్, బోలెడు పన్ను మిగులుతుంది" అంటున్నాడు. మూడింట్లో చేతికి ఎక్కువ వచ్చేది ఏది?

జవాబు: మీ బావగారి మాట ఆయన ఊళ్ళో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఎందుకో లెక్కలోనే తేలుతుంది.

ముందు పేరోల్ సంగతి. సీటీసీ 24 లక్షలంటే జీతం 24 లక్షలు కాదు. మీ మీద వెండర్ పెట్టే ఖర్చంతా అందులోనే ఉంటుంది. బేసిక్ సగం, అంటే 12 లక్షలు అనుకుందాం. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద కడితే యజమాని వాటా నెలకు 1,800, ఏడాదికి 21,600. బీమా, పరిపాలన చార్జీలు కలిపి నెలకు 150, ఏడాదికి 1,800. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 57,720. ఇవన్నీ పోగా మిగిలే మొత్తం జీతం 23,18,880. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను పడేది 22,43,880 మీద. శ్లాబుల ప్రకారం పన్ను 2,60,970, నాలుగు శాతం సెస్సుతో 2,71,409. మీ వాటా పీఎఫ్ మరో 21,600, కర్ణాటక వృత్తి పన్ను 2,500 కూడా పోతే ఏడాదికి చేతికి వచ్చేది 20,23,371. నెలకు సుమారు 1,68,600.

పీఎఫ్ గురించి ఒక్క మాట. మీరు పెన్షన్ పథకంలో సభ్యులైతే, యజమాని కట్టే 1,800లో మీ పీఎఫ్ ఖాతాలో పడేది 550 మాత్రమే, 1,250 పెన్షన్ ఫండుకి పోతుంది. పాస్‌బుక్ చూసి "నా డబ్బు ఏమైంది" అని కంగారుపడేవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు వెండర్లు 15,000 పరిమితి పాటించకుండా బేసిక్ మొత్తం మీద 12 శాతం కోస్తారు. అప్పుడు రెండు వైపులా 1,44,000 చొప్పున పోతుంది, రెండూ మీ సీటీసీలోంచే. చేతికొచ్చేది బాగా పడిపోయినా అది మీ పొదుపే. కాకపోతే ఈ సంగతి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే తెలియాలి.

ఇప్పుడు కన్సల్టెంట్. పేరోల్‌లో జీతంతో కూడిన సెలవులుంటాయి, ఇక్కడ ఉండవు. నెలకు 20 పని దినాల చొప్పున మీ రోజు విలువ 10,000. పండక్కి ఊరెళ్ళడం, జ్వరం, ఇంకేదైనా కలిపి ఏడాదిలో 15 రోజులు పోయాయనుకుందాం. బిల్లులు 22,50,000. ఐటీ వృత్తిని సెక్షన్ 44ఏఏ కింది వృత్తుల జాబితాలో 2001లోనే చేర్చారు కాబట్టి, ఖర్చుల లెక్కలు చూపకుండా అంచనా మీద పన్ను కట్టే 44ఏడీఏ మీకు వర్తిస్తుంది. రాబడి 50 లక్షల లోపు ఉంటే, నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా, అందులో సగాన్నే ఆదాయంగా చూపొచ్చు. మీ విషయంలో ఆ సగం 11,25,000. పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటలేదు కాబట్టి 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా.

సున్నా అనగానే ఎగిరి గంతేయకండి. వృత్తి పన్ను ఎన్‌రోల్‌మెంటుకి 2,500, జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్ను చూసే ఆడిటర్‌కి 30,000, కుటుంబానికి ఆరోగ్య బీమా 30,000, ల్యాప్‌టాప్ తరుగు, సాఫ్ట్‌వేర్ వగైరా 40,000 అనుకుంటే (మీ అంకెలు వేసుకోండి) మిగిలేది 21,47,500. పేరోల్ కంటే 1,24,129 ఎక్కువ. కానీ పేరోల్‌లో మీ పీఎఫ్, యజమాని పీఎఫ్ కలిపి 43,200 దాచినట్టే. అది లెక్కేస్తే తేడా 80,929. గ్రాట్యుటీ 57,720 కూడా చేతికందే పరిస్థితి ఉంటే తేడా 23,209కి దిగిపోతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం నిర్ణీత కాల ఒప్పందం మీద ఉన్న ఉద్యోగికి ఏడాది సేవ చాలు, ఐదేళ్ళు ఆగనక్కర్లేదు. అంటే ఒకే రేటుకి కన్సల్టెంట్‌గా మారడమంటే, ఏడాదికి పాతిక వేల నుంచి ఎనభై వేల కోసం నోటీసు పీరియడ్, సెలవులు, గ్రూపు బీమా వదులుకోవడం. వెండర్‌కి మాత్రం పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవులు, బీమా అన్నీ మిగులుతాయి. ఆ మిగులులో వాటా అడగండి. నెలకు 2.3 లక్షలు ఒప్పుకున్నారనుకోండి. అవే 15 సెలవులు, అవే ఖర్చులు పోగా, 77,025 పన్ను కట్టాక కూడా 24,07,975 మిగులుతుంది. కన్సల్టెంట్ దారి లాభించేది అక్కడే.

చేతిలో డబ్బు ఎలా తిరుగుతుందో కూడా చూసుకోవాలి. సేవల మీద 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. మీ నెల బిల్లు 2,00,000 + 36,000 జీఎస్టీ. వెండర్ 194జే కింద 10 శాతం, అంటే 20,000 టీడీఎస్ (చెల్లించే ముందే కోసే పన్ను) కోస్తాడు. ఆ కోత జీఎస్టీ కలపని మొత్తం మీదే ఉండాలి. 23,600 కోస్తే తప్పు, బిల్లులో జీఎస్టీని విడిగా చూపించి సరిచేయించండి. ఖాతాలో పడేది 2,16,000, అందులో 36,000 ప్రభుత్వానిది. నెలంతా చేస్తే మీకు మిగిలేది 1,80,000, కోసిన టీడీఎస్ రిటర్ను వేశాకే వెనక్కి వస్తుంది.

అసలు బాధ ఇక్కడుంది. జీఎస్టీ డబ్బు వచ్చినప్పుడు కాదు, బిల్లు వేసినప్పుడు కట్టాలి. నెలాఖరున వేసిన బిల్లుకి తర్వాతి నెల 20వ తేదీకల్లా 36,000 కట్టాలి. మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకున్నా, మొదటి రెండు నెలల పన్ను 25లోపు చలానాతో కట్టాల్సిందే. వెండర్ 60 రోజులకు చెల్లిస్తే రెండు బిల్లుల జీఎస్టీ, 72,000, మీ జేబులోంచి ముందే పోతుంది. ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదులో) సూక్ష్మ సంస్థగా నమోదైతే కొంత పట్టు దొరుకుతుంది. ఒప్పందం ఏం చెప్పినా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. గడువులోపు చెల్లించకుండా ఏడాది చివర మీకు బాకీ ఉంటే 43బీ(హెచ్) కింద ఆ ఏడాది వాళ్ళ ఖర్చే లెక్కలోకి రాదు. అకౌంట్స్ విభాగాలు ఈ మాటకి త్వరగా స్పందిస్తాయి.

12 లక్షల గీత దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఏడాదంతా సెలవు లేకుండా పనిచేసి సరిగ్గా 24 లక్షలు బిల్లు వేశారు, సగం 12 లక్షలు, పన్ను సున్నా. కానీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 20,000 వచ్చింది. ఆదాయం 12,20,000. శ్లాబు లెక్కలో పన్ను 63,000 అయినా, మార్జినల్ రిలీఫ్ దాన్ని 12 లక్షలు దాటిన మొత్తానికి, అంటే 20,000కి పరిమితం చేస్తుంది. దాని మీద సెస్సుతో 20,800. వడ్డీ మొత్తం పోయి, పైన ఎనిమిది వందలు చేతి నుంచి పడ్డాయి.

ఒప్పందం భాష కూడా చూడాలి. "ఉదయం 9 నుంచి సాయంత్రం 6, ఫలానా మేనేజర్ కింద, ఏడాదికి ఇన్ని సెలవులు, మరెవరికీ పని చేయరాదు" అని రాస్తే పేరు కన్సల్టెంట్ అయినా అది ఉద్యోగమే. ఆదాయపు పన్ను అధికారి దాన్ని జీతంగా పరిగణిస్తే, 24 లక్షల మీద స్టాండర్డ్ డిడక్షన్ పోగా సెస్సుతో కలిపి 2,92,500 పన్ను, దానిమీద వడ్డీ. చేసే పనిని, ఇవ్వాల్సిన ఫలితాన్ని రాయించండి. "మ్యాన్‌పవర్ సప్లై" అన్న మాట ఉంటే తీయించండి.

ఇక మీ బావగారి లిమిటెడ్. ఏకవ్యక్తి కంపెనీ పెట్టారనుకుందాం. బిల్లులు అవే 22,50,000. కంపెనీకి లాభమున్నా లేకున్నా ఆడిట్ తప్పనిసరి. వార్షిక ఫారాలు ఏఓసీ-4, ఎంజీటీ-7ఏ ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 చొప్పున పెరుగుతూ పోతుంది. ఆడిట్, ఫైలింగ్ ఖర్చు 80,000, మిగతావి 70,000 అనుకుంటే 21,00,000 మిగులుతుంది. అంతా జీతంగా తీసుకుంటే పన్ను 2,14,500, వృత్తి పన్ను పోగా చేతికి 18,83,000. కన్సల్టెంట్ కంటే రెండున్నర లక్షలకు పైగా తక్కువ.

"జీతం తక్కువ, డివిడెండ్ ఎక్కువ" అనే లండన్ సూత్రం ఇక్కడ పెట్టి చూద్దాం. జీతం 12,75,000 తీసుకుంటే దాని మీద పన్ను లేదు. మిగిలిన 8,25,000 లాభం మీద 22 శాతం పన్ను, సర్‌చార్జీ, సెస్సు కలిపి 25.168 శాతం, అంటే 2,07,636. మిగిలిన 6,17,364ని డివిడెండుగా తీస్తే, 2020 ఏప్రిల్ నుంచి అది వాటాదారు ఆదాయంలో కలిసిపోతుంది. రిబేటు ఎగిరిపోయి మరో 1,70,012 పన్ను. మొత్తం 3,77,648. డివిడెండుకి ఇక్కడ తక్కువ రేటంటూ ఏమీ లేదు, సొంత కంపెనీ జీతం మీద బ్రిటన్‌లోలా తప్పించుకోవాల్సిన భారీ నేషనల్ ఇన్సూరెన్సూ (సామాజిక భద్రత చందా) లేదు. అందుకే ఆ సూత్రం ఇక్కడ పనిచేయదు. రాబడి 75 లక్షలు దాటినా, మనుషుల్ని పెట్టుకున్నా, క్లయింటు కంపెనీలతో తప్ప ఒప్పందం చేసుకోనన్నా అప్పుడు కంపెనీ గురించి ఆలోచించండి.

ప్రశ్న: నా భార్యకు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం. డిపెండెంట్‌గా నేనూ వైట్‌ఫీల్డ్ వదిలి వెళ్తున్నాను. రోజుకు 400 పౌండ్ల కాంట్రాక్టు దొరికేలా ఉంది. ఏజెన్సీ అంబ్రెల్లా కంపెనీలో (కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా పెట్టుకుని జీతమిచ్చే సంస్థలో) చేరమంటోంది, మిత్రులు లిమిటెడ్ అంటున్నారు. తేడా ఎంత?

జవాబు: డిపెండెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అడ్డు లేదు. మీ భార్యకి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు, ఆవిడ ప్రధానంగా తనను స్పాన్సర్ చేసిన సంస్థలోనే పనిచేయాలి.

ఏడాదికి 220 రోజులు, 88,000 పౌండ్లు అనుకుందాం. లెక్కంతా 2025-26 రేట్లతో, పెన్షన్ కోత లేకుండా.

అంబ్రెల్లాలో చేరినవాళ్ళు మొదట పొరబడేది ఒకచోటే. 400 అనేది మీ జీతం కాదు, అసైన్‌మెంట్ రేటు, అంటే ఏజెన్సీ అంబ్రెల్లాకి చెల్లించేది. యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ కూడా ఆ 400లోంచే పోతుంది. అంబ్రెల్లా మార్జిన్ (ఫీజు) వారానికి 25 చొప్పున 44 వారాలకు 1,100. మిగిలిన 86,900లోంచి యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ (5,000 పైన 15 శాతం) 10,633, అప్రెంటిస్‌షిప్ లెవీ (యజమాని శిక్షణ నిధికి కట్టేది) 379 పోతే మీ జీతం 75,887. దాని మీద ఆదాయపు పన్ను 17,787, మీ వాటా నేషనల్ ఇన్సూరెన్స్ 3,528. చేతికి 54,572. సెలవు జీతం 12.07 శాతం విడిగా పేస్లిప్‌లో కనిపిస్తే అదనం అనుకోకండి, అదీ ఆ 75,887లోనిదే.

లిమిటెడ్‌లో, అదీ కాంట్రాక్టు ఐఆర్35కి (ఉద్యోగం లాంటి కాంట్రాక్టుకి జీతంలాగే పన్ను వేసే బ్రిటన్ నిబంధనకి) బయట ఉంటేనే, లెక్క ఇలా ఉంటుంది. అకౌంటెంటు, బీమా ఖర్చు 3,000. జీతం 12,570, దాని మీద యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ 1,136. డైరెక్టర్ ఒక్కడే ఉన్న కంపెనీకి ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ (యజమాని నేషనల్ ఇన్సూరెన్స్‌లో రాయితీ) రాదు. లాభం 71,294. దానిమీద కార్పొరేషన్ ట్యాక్స్ 50,000 దాకా 19 శాతం, ఆ పైన మార్జినల్ లెక్కలో 26.5 శాతం, మొత్తం 15,143. మిగిలిన 56,151 డివిడెండుగా తీస్తే పన్ను 9,482. చేతికి 59,239. అంబ్రెల్లా కంటే 4,667 ఎక్కువ. డివిడెండు 37,700 దగ్గర ఆపితే డివిడెండు పన్ను 3,255 మాత్రమే, 18,451 కంపెనీలో ఉండిపోతుంది. ఖాళీగా ఉన్న నెలల్లో దాన్ని తీసుకోవచ్చు. లిమిటెడ్‌కి అసలు బలం నా దృష్టిలో ఈ సర్దుబాటే, ఆ నాలుగు వేలు కాదు. పైగా 2026 ఏప్రిల్ 6 నుంచి డివిడెండు రేట్లు 10.75, 35.75 శాతం. ఇవే అంకెలతో ఏడాదికి ఇంకో 1,113 పౌండ్లు పన్ను.

ఐఆర్35 లోపలా బయటా అన్నది మీ ఇష్టం కాదు. 2021 ఏప్రిల్ నుంచి మధ్యస్థ, పెద్ద క్లయింట్లు స్వయంగా తేల్చి, రాతపూర్వకంగా స్టేటస్ డిటర్మినేషన్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. క్లయింటు చిన్న సంస్థ అయితే తేల్చాల్సింది మీ కంపెనీయే. "లోపల" అని తేలితే జీతంలాగే పన్ను కోసి ఇస్తారు. అప్పుడు లిమిటెడ్ నడపడం దండగ.

ఏజెన్సీని సంతకానికి ముందే కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అడగండి. అది ఇవ్వడం వాళ్ళ బాధ్యత, అందులో కోతలన్నీ నమూనాగా ఉంటాయి. పైన చూశారుగా, ఈ రేటు దగ్గర అంబ్రెల్లాలో చేతికి వచ్చేది 62 శాతం. ఎవరైనా 80, 85 శాతం ఇస్తామంటే అక్కడ జీతంలో కొంత భాగాన్ని "అప్పు"గానో, మరో పేరుతోనో ఇస్తున్నారన్న మాట. ఆ పన్ను కోసం అక్కడి పన్ను శాఖ మీ దగ్గరికి కూడా రావచ్చు, స్కీము నడిపినవాడు అప్పటికి కనిపించడు. పెన్షన్‌కి శాలరీ శాక్రిఫైస్ పద్ధతిలో (జీతంలో కొంత వదులుకుని ఆ మేరకు పెన్షన్‌కి మళ్ళించే పద్ధతిలో) డబ్బు వేసే అంబ్రెల్లా అయితే, మిగిలే యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ కూడా మీ పెన్షన్‌లో వేస్తారా అని అడగండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ఇంటి నుంచే ఒక లండన్ కంపెనీకి నేరుగా పనిచేస్తున్నాను. నెలకు 2.5 లక్షలు వస్తున్నాయి. జీఎస్టీ కట్టాలా?

జవాబు: నమోదు చేసుకోవాలి, పన్ను కట్టక్కర్లేదు. ఎగుమతి కూడా 20 లక్షల పరిమితి లెక్కలోకి వస్తుంది. నమోదయ్యాక ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ (పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తానన్న హామీ పత్రం) ఇస్తే సున్నా రేటుతో బిల్లు వేయొచ్చు. అది ఆ ఆర్థిక సంవత్సరానికి మాత్రమే, ఏప్రిల్‌లో మొదటి బిల్లు వేయకముందే కొత్తది పెట్టుకోవాలి. మరిచిపోతే 18 శాతం ముందు కట్టి, రిఫండు కోసం తిరగాలి. డబ్బు విదేశీ మారకంలో వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే రుజువు ప్రతి బిల్లుకీ దాచండి. బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్) అడిగితే సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. కుటుంబ ఖర్చుల కోసం పంపిన సొమ్ము కోడ్‌తో జమ అయితే తర్వాత ఎగుమతి అని నిరూపించడం తలనొప్పి.

మీకు టీడీఎస్ కోసేవాళ్ళు లేరు. 44ఏడీఏలో ఉన్నవాళ్ళు అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తం మార్చి 15లోపు ఒకే విడతలో కట్టొచ్చు. మీ 30 లక్షల్లో సగం 15 లక్షలు, దాని మీద సెస్సుతో పన్ను 1,09,200. మార్చి 15 దాటితే ఒక శాతం వడ్డీ, ఏప్రిల్ నుంచి కట్టేదాకా నెలకు మరో శాతం.

ప్రశ్న: సెప్టెంబర్ దాకా ఒక సంస్థ పేరోల్‌లో ఉన్నాను. అక్టోబర్ నుంచి అదే సంస్థకు కన్సల్టెంట్‌ని. ఏ రిటర్ను వేయాలి?

జవాబు: మొత్తం ఆదాయం 50 లక్షల లోపు, షేర్ల అమ్మకం లాంటి చిక్కులు లేకపోతే ఐటీఆర్-4. జీతం భాగానికి స్టాండర్డ్ డిడక్షన్ పూర్తిగా వస్తుంది, కన్సల్టెంట్ భాగానికి 44ఏడీఏ. పాత విధానం కావాలంటే ఇప్పుడు ఫారం 10-ఐఈఏ గడువులోపు వేయాలి. వృత్తి ఆదాయం ఉన్నవాళ్ళకి ఆ తర్వాత కొత్త విధానానికి తిరిగొచ్చే అవకాశం ఒక్కసారే.

ఒకే యజమాని నుంచి ఒకే ఏడాది ఫారం 16 (జీతం మీద టీడీఎస్ పత్రం), ఫారం 16ఏ (ఇతర చెల్లింపుల మీద టీడీఎస్ పత్రం) రెండూ రావడం మాత్రం ఎవరి కంటికైనా ఆనుతుంది. అదే కుర్చీ, అదే పని, అదే మేనేజర్ అయితే పైన మారతహళ్ళి పాఠకుడికి చెప్పిన ప్రమాదం మీకు రెట్టింపు. కొత్త ఒప్పందం, పని వివరం, సొంత పరికరాల బిల్లులు, కుదిరితే రెండో క్లయింటు బిల్లు ఫైల్లో పెట్టుకోండి.

పీఎఫ్ మాత్రం తొందరపడి తీయకండి. ఐదేళ్ళ నిరంతర సేవ నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. మళ్ళీ ఏదో పేరోల్‌లో చేరితే అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఇచ్చి పాత ఖాతా బదిలీ చేయించుకుంటే పాత సేవ కూడా కలుస్తుంది.